నెత్తురులో మందు జాడ

బీదర్, శివనగర్
9 ఆగస్టు 2021

వదినకు,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా ఉలకవు పలకవు, నీ మరిది రాజేశన్న చేతికి ఇచ్చేస్తావు. మొన్న ఆదివారం ఔరాద్‌కి వచ్చి నీ గది గడప మీద కూర్చుంటే, మూసిన తలుపు అవతలి నుంచి "పో ప్రతిమా, బస్సు పోతది" అన్నావు. ఆ ఒక్క మాట కోసమే అంత దూరం వచ్చినట్టయింది. జగదేవి వదిన చాయ్ తెచ్చిచ్చి, "అక్క ఎవ్వరికీ మొకం చూపిస్తలేదు, ఏమనుకోకు" అంది. ఏమీ అనుకోలేదు. కానీ తిరుగు బస్సులో జనవాడ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

అందుకే ఉత్తరం. కాగితానికి మొహం చూపించనక్కర్లేదు, గొంతు వినిపించనక్కర్లేదు. బ్లాక్ ఫంగస్ ఆపరేషన్‌లో పై దవడ తీసేశాక మాట ముక్కులోంచి వస్తోందని నీకు సిగ్గు. కన్ను పోయిందని అంతకన్నా సిగ్గు. నాకు ఆ రెండూ పట్టవని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు వినవు కాబట్టి ఇక చెప్పను.

అసలు సంగతికి వస్తాను. నా ఉద్యోగం ఏమిటో నువ్వు ఎప్పుడూ అడగలేదు. "మా చెల్లె కుందేళ్లను మేపుతది" అని అన్నయ్య దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. అది అబద్ధమేమీ కాదు. నువ్వు తాగుతున్న తెల్ల సిరప్ ఫంగస్‌ని చంపే మందు. అది మింగితే సరిపోదు, రక్తంలోకి చేరాలి. చేరిందా లేదా, ఎంత చేరింది అన్నది ఇప్పుడు పెద్ద ఊళ్లలో, పెద్ద మిషన్ల మీదే చూస్తారు. ఫలితం వచ్చేసరికి చాలా ఆలస్యమవుతుంది. అదే పరీక్ష మన బీదర్ లాంటి ఊళ్లో, చిన్న ల్యాబ్‌లో చేసుకునేలా తయారు చేయడం మా పని.

దానికి యాంటీబాడీ కావాలి. ఆ మందు మరీ చిన్న పదార్థం. దాన్ని ఒక్కదాన్నే కుందేలు ఒంట్లోకి పంపితే దాని శరీరం పట్టించుకోదు. ఒక పెద్ద ప్రోటీన్‌కి అతికించి పంపితే మాత్రం, ఎవరో పరాయివాళ్లు వచ్చారని లేచి, ఆ మందును గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీలను తయారు చేస్తుంది. చెవి నరం నుంచి కాస్త రక్తం తీసి మేం వాటిని వేరు చేసుకుంటాం.

మా కుందేళ్లలో ఒకటి మహా గడుసుది. వాటిని చూసుకునే అబ్బయ్య దానికి బేగం అని పేరు పెట్టాడు. ఎయిర్‌ఫోర్స్ విమానాలు నెత్తి మీది నుంచి పోతుంటే మిగతావన్నీ మూలకు నక్కుతాయి, అది మాత్రం లేచి కూర్చుని చూస్తుంది. "అమ్మా, ఇది నవాబుల ఖాందాన్‌ది, దీనికి డర్ అంటే ఏందో తెల్వది" అంటాడు. దాని యాంటీబాడీయే అన్నిటికన్నా బాగా పనిచేస్తోంది.

ఇప్పుడు ఆ మందు వాడుతున్నవాళ్ల రక్తం మీద పరీక్షించి చూడాలి. మీ డాక్టరు ఒప్పుకున్నారు. నీకు ఇష్టమైతేనే, మీ ఊరి ల్యాబ్‌లో కాస్త రక్తం తీయించి ఐస్ డబ్బాలో పెట్టి బస్సులో పంపించు. ఇందులో నా స్వార్థమూ ఉంది. ఫంగస్ మళ్లీ రాకుండా ఉండాలంటే ఆ మందు నీ రక్తంలో తగినంత ఉండాలి. ఉందని నా కళ్లతో చూసుకుంటే నాకు నిద్ర పడుతుంది.

అన్నయ్య పోయాక నాకు కుందేళ్లు తప్ప మాట్లాడే దిక్కు లేదు. జవాబు రాయి.

నీ ఆడపడుచు,
ప్రతిమ


ఔరాద్
17 ఆగస్టు

ప్రతిమా,

నీ ఉత్తరం చూసి జగదేవి హడలిపోయింది. "పోస్టుల ఏదో వచ్చిందక్కా, నోటీసేమో" అని రెండు వేళ్లతో పట్టుకొచ్చింది. ఈ కాలంలో ఉత్తరాలు రాసేది కోర్టువాళ్లూ, నువ్వూ.

మొత్తానికి నన్ను కూడా నీ కుందేళ్లలో కలిపేశావు. బాగానే ఉంది. దానికి చెవిలోంచి, నాకు చేతిలోంచి, అంతే కదా తేడా. బేగంకి నా సలాం చెప్పు. విమానాలకు భయపడని ఆడది నాకు నచ్చింది.

రక్తం పంపిస్తాను. హైదరాబాద్‌లో సీసాలకు సీసాలు తీసినప్పుడు ఎందుకని అడగలేదు, నిన్ను అడుగుతానా? మందు గురించి మాత్రం నువ్వు బెంగ పెట్టుకోకు. వేళ తప్పకుండా తాగుతున్నాను. సున్నం నీళ్లలా చిక్కగా గొంతుకు అంటుకుంటుంది, అయినా మొహం చిట్లించను. చిట్లించడానికి మొహం పూర్తిగా ఉండాలి కదా. డాక్టరు తిన్నాక తాగమన్నారు, తిన్నాకే తాగుతున్నాను. జగదేవి వేళకి అన్నం తెచ్చి తలుపు దగ్గర పెడుతుంది. షుగర్ పత్యం కాబట్టి మెత్తగా, చప్పగా తింటాను. ఇంత బుద్ధిమంతురాలైన రోగి నీకు బీదర్ జిల్లా అంతా వెతికినా దొరకదు.

నువ్వు వచ్చిన రోజు నేను తలుపుకు ఆనుకునే కూర్చున్నాను. నీ వీపు అటువైపు, నా వీపు ఇటువైపు. నువ్వు ముక్కు చీదుకోవడం కూడా వినిపించింది. తీయాలనే ఉంది. తీయలేకపోయాను, ఎందుకని అడగొద్దు.

ఇక్కడ ముసురు పట్టింది. దుకాణం ముందు శనగ బస్తాల మీద రాజేశ్ టార్పాలిన్ కట్టాడు, మధ్యలో నీళ్లు నిలుస్తున్నాయి. అలా వదులుగా కడితే లాభం లేదు. ఆయనకు చెప్పాలి.

వసుమతి


బీదర్
14 సెప్టెంబరు

వదినా,

ఐస్ డబ్బా భద్రంగా అందింది. కండక్టరు దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. "దీంట్ల ఏమున్నదమ్మా, కుల్ఫీయా?" అని అడిగాడు. అవునన్నాను.

పరీక్ష ఎలా చేస్తామో చెబుతాను, నీకు నవ్వొస్తుంది. ఒక పలకలో వరుసగా చిన్న చిన్న గుంటలు ఉంటాయి. గుంటల అడుగున కొంచెం మందు ముందే అంటించి ఉంచుతాం. అందులో నీ రక్తం తేట, బేగం యాంటీబాడీ కలిపి పోస్తాం. యాంటీబాడీ తన చుట్టాన్ని వెతుక్కునే మనిషి అనుకో. చుట్టం దారిలోనే, అంటే నీ రక్తంలోనే, కనబడితే అక్కడే ఆగిపోతుంది, కడిగితే కొట్టుకుపోతుంది. దారిలో ఎవరూ కనబడకపోతే అడుగుదాకా పోయి అక్కడ అతుక్కుంటుంది. అతుక్కున్నచోట రంగు వస్తుంది. కాబట్టి రంగు ముదిరితే రక్తంలో మందు లేనట్టు, పాలిపోతే ఉన్నట్టు. అంతా తిరకాసు.

మా పరీక్ష ఇంకా కుదురుకోలేదు. అందుకే ఫలితాలు ఇప్పుడే చెప్పలేను. కొన్ని గుంటలు ఒకలా వస్తున్నాయి, కొన్ని ఇంకోలా వస్తున్నాయి. పరవాలేదు, ఇలాంటివి మామూలే.

ఇక్కడ గవాన్ చౌక్ దగ్గర మళ్లీ బజారు నిండింది. మాస్కులు గడ్డం కిందికి దిగాయి. జనం నవ్వుతున్నారు. నాకు వాళ్ల మీద ఊరికే కోపం వస్తోంది, ఎందుకో తెలియదు. సాయంత్రం గదికి వచ్చి తాళం తీస్తుంటే, లోపల ఎవరైనా ఉంటే బాగుండునని రోజూ అనిపిస్తుంది. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక ఇలా అనిపించడం ఏమిటో.

వదినా, సిరప్ రోజూ తాగుతున్నావు కదా? ఊరికే అడిగాను.

ప్రతిమ


ఔరాద్
20 సెప్టెంబరు

ప్రతిమా,

ఊరికే ఎవరూ ఏదీ అడగరు.

ఈ ఉత్తరంతో పాటు ఒక సంచి వస్తుంది. అందులో నేను తాగిన సిరప్ సీసాలన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పారేయలేదు. కడిగి, ఆరబెట్టి, పాత చీరముక్కలో చుట్టి పంపుతున్నాను. నీ పలకలూ గుంటలూ పక్కన పెట్టి వీటిని చూసుకో. వసుమతి మందు పారబోసిందని నీ కుందేలు చెప్పినట్టుంది. నా చేతిలో ఏం పెడితే అది తాగాను, ఏం కోయాలంటే అది కోయించుకున్నాను. ఇంకా నన్ను నమ్మకపోతే నేనేం చేయను?

ఇక రక్తం పంపను. పంపాలని లేదు.

వసుమతి


బీదర్
2 అక్టోబరు

వదినా,

నీ సీసాలు మా ల్యాబ్ కిటికీ మీద వరుసగా నిలబెట్టాను. ఈ ఉత్తరం వాటి ముందు కూర్చుని రాస్తున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఉన్నదున్నట్టు పోయినసారే రాయాల్సింది.

నీ రక్తం పోసిన గుంటలన్నీ ముదురు రంగుకు తిరిగాయి. మందు లేనే లేదన్నంతగా ముదిరిపోయాయి. మిగతా రోగుల గుంటలు పాలిపోయాయి, నీవి మాత్రం పాలిపోలేదు. మొదట నేను బేగంనే అనుమానించాను. యాంటీబాడీ పాడైందేమోనని మళ్లీ మళ్లీ చేశాను. అబ్బయ్యకు కోపం వచ్చింది. "మా బేగం తప్పు చెప్పది అమ్మా. మీరే ఏదో గడబడ చేసిన్రు" అన్నాడు. చివరికి నీ రక్తం తేటను నగరంలో పెద్ద మిషన్‌కి పంపించాను. వాళ్లూ అదే చెప్పారు. అప్పుడు, అవును, నిన్ను అనుమానించాను. నీ సీసాలు వచ్చాక ఆ అనుమానం తీరింది, భయం పట్టుకుంది. నువ్వు మందు తాగుతున్నావు. అది నీ రక్తంలోకి చేరడం లేదు. రెండూ నిజమే.

ఎందుకు చేరడం లేదని డాక్టరును అడిగాను. ఆయన నన్నే తిరిగి అడిగారు, "ఆమె ఏం తింటారు?" అని. ఆ సిరప్ ఉట్టి కడుపులో నిలవదు వదినా. గంజి తాగినా, చప్పటి అన్నం తిన్నా చాలదు. తినే తిండిలో నెయ్యో, నూనో, మీగడో, ఏదో ఒక జిడ్డు బాగా ఉండాలి. ఉంటేనే అది ఒంటికి పడుతుంది. లేకపోతే వచ్చిన దారినే పోతుంది. తిన్నాక తాగమనడంలో ఆ అర్థం ఉందని నీకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, నాకూ తట్టలేదు. నెయ్యి లేకుండా అన్నం తినేవాళ్లు మన ఇంట్లో ఉంటారని నేను ఎలా అనుకుంటాను?

జగదేవి వదినకు ఫోన్ చేశాను. "మే నెల సంది అక్క నెయ్యి చుక్క ముడ్తలేదు ప్రతిమా. నూనె లేదు, పాలు లేవు. నేను దొంగతనంగ అన్నంల కలిపితే జిడ్డు చూసి పళ్లెం వాపస్ చేసింది" అంది. షుగర్ అని నాకు రాశావు. షుగర్‌కి నీ డాక్టరు నెయ్యి మానమనలేదు, అడిగాను.

పోయిన వారం స్కాన్‌లో కన్ను తీసిన చోటికి పైన ఏదో మసక కనబడిందని రాజేశన్న చెప్పాడు. నీకు చెప్పొద్దన్నాడు. నేను చెబుతున్నాను. అది అక్కడి నుంచి పైకి పాకితే ఇక కోయడానికి కూడా ఉండదు. నీ చేతిలో ఉన్నది అన్నంలో ఒక గరిటె నెయ్యి. ఎందుకు మానేశావు? నా మీద కోపం ఉంటే తిట్టు, కానీ చెప్పు.

ప్రతిమ


ఔరాద్
15 అక్టోబరు, దసరా

ప్రతిమా,

ఇవాళ పండుగ. బయట జమ్మి ఆకు పంచుతున్నారు. జగదేవి నా గది కిటికీలోంచి నాలుగు ఆకులు వేసి పోయింది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పేదాన్ని కాదు. కాగితం మీద కాబట్టి చెబుతున్నాను.

అంబులెన్స్ వచ్చిన రోజు నీకు తెలియదు, నువ్వు బీదర్‌లో ఉన్నావు. మీ అన్న తన కాళ్ల మీద నడిచి ఎక్కారు. ఎక్కి, వెనక్కి తిరిగి, "నాలుగు దినాలల్ల వస్తా, నువ్వు మంచిగ తిను" అన్నారు. తలుపు వేసేశారు. నాకు అప్పటికే జ్వరం మొదలైంది. లోపలికి వచ్చి పండరి దేవుడి పటం ముందు నిలబడ్డాను. ఆ దేవుడి పేరూ మీ అన్న పేరూ ఒకటే కాబట్టి నేను దేవుణ్ణీ పేరు పెట్టి పిలవను, నీకు తెలుసు కదా, మీరంతా ఎగతాళి చేసేవాళ్లు. ఆ దేవుడికి మొక్కుకున్నాను. ఈయన ఇంటికి వచ్చేదాకా నెయ్యి, నూనె, పాలు, మీగడ ముట్టనని చెప్పాను. ఎందుకంటే మీ అన్నకు నెయ్యి లేనిది ముద్ద దిగదు. నాకు పుట్టింట్లో ఆ అలవాటు లేదు, పెళ్లయ్యాక ఆయనే నా అన్నంలో గరిటెతో పోసి పోసి అలవాటు చేశారు. వదులుకోవడానికి నా దగ్గర అంతకంటే తీపి వస్తువు లేదు.

బతికితే అని మొక్కుకుని ఉంటే ఆ మొక్కు ఎప్పుడో తెగిపోయేది. ఇంటికి వచ్చేదాకా అన్నాను. ఆయన రాలేదు. బతికీ రాలేదు, ఇంకోలాగా కూడా రాలేదు. ఫోన్ వచ్చిందన్నారు. ఎవరో ఏడ్చారు. నేను జ్వరంతో పడి ఉన్నాను. దినాలు చేస్తున్నప్పుడు హైదరాబాద్‌లో నన్ను ఆపరేషన్ బల్ల ఎక్కించారు. నేను చూడలేదు ప్రతిమా. శవాన్ని చూడలేదు, బూడిదను చూడలేదు. ఒక మనిషి నడిచి బండి ఎక్కాడు, నేను చూసింది అంతవరకే. మిగతాదంతా మీరు చెప్పింది.

ఇప్పుడు నేను నెయ్యి పోసుకుంటే ఆయన ఇక రారని నా నోటితో నేనే చెప్పినట్టు. అది నా వల్ల కాదు.

మొహం చూపించడం లేదని మీరంతా అనుకుంటున్నారు. మొహం కాదు. ఆసుపత్రిలో నర్సులంతా చూశారు, అందరూ చూశారు, ఇంకేం సిగ్గు? నా చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. నల్లపూసలు అలాగే ఉన్నాయి. పొద్దున లేచి బొట్టు పెట్టుకుంటాను. అద్దం చూడను, నుదురు ఎక్కడుందో వేలితో వెతుక్కుని పెట్టుకుంటాను. వచ్చినవాళ్లు అవి చూస్తే ఏమంటారో నాకు తెలుసు. కొందరు ఏడుస్తారు, కొందరు పెద్ద మనుషుల్లా వచ్చి తీయిస్తారు. అందుకే తలుపు తీయను. నువ్వు వచ్చినా తీయలేదు.

స్కాన్ సంగతి చెప్పినందుకు మంచిపని చేశావు. దానికి నాకు భయం లేదు. ఆయన లేని ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చప్పటి అన్నం తింటుంటే ఉన్న భయం ముందు అదెంత.

వసుమతి


బీదర్
24 అక్టోబరు

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి పోలేదు. ఇది రాయాలా వద్దా అని కూర్చున్నాను. రాస్తున్నాను. చదవలేకపోతే మధ్యలో ఆపు, కానీ పారేయకు.

నేను చూశాను.

అన్నయ్య ఇక్కడ బీదర్ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేను గేటు బయట చెట్టు కింద ఉండేదాన్ని. లోపలికి పోనివ్వలేదు. రోజూ పొద్దున ఒక నర్సు బయటికి వచ్చి, "ఊట మాడిదారె, తిన్నరమ్మా" అని కన్నడం, తెలుగు కలిపి చెప్పి పోయేది. ఒక రోజు ఆమె రాలేదు, వేరే మనిషి వచ్చి పేరు పిలిచాడు. గుర్తుపట్టడానికి ఇంటివాళ్లు ఒక్కరు రావాలన్నాడు. రాజేశన్నకు కూడా పాజిటివ్ వచ్చి ఔరాద్‌లో గదిలో ఉన్నాడు. నేనే పోయాను. నాకు ప్లాస్టిక్ బట్టలు తొడిగారు. సంచి జిప్పు మెడదాకా తీశారు.

గడ్డం పెరిగి ఉంది వదినా, తెల్లగా. మనం అన్నయ్యను ఏనాడూ గడ్డంతో చూడలేదు కదా. ఈయన కాదు, ఇంకెవరో, అని నాకు ఒక్క క్షణం ఎంత సంతోషం కలిగిందో నీకు చెప్పలేను. ఆ అవతలి మనిషి ఇంటివాళ్లు ఏమైపోయినా నాకు పట్టలేదు. తర్వాత చెవి చూశాను. చిన్నప్పుడు కుట్టించిన చెవి, కొస తెగి రెండుగా ఉంటుంది కదా. అన్నయ్యే. మొహం ప్రశాంతంగా ఉందని అందరూ రాస్తారు. నేను అలా రాయను. అలసిపోయినట్టుంది. సంత రోజు దుకాణం కట్టేసి వచ్చినప్పుడు ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు.

శ్మశానంలో ఒక మనిషి కట్టె చేతికిచ్చి, "అక్కా, మగోళ్లు ఎవ్వరు లేరా? నువ్వే పెడ్తవా?" అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. నేనే పెట్టాను. అన్నయ్యకు నిప్పు పెట్టింది నేను. ఈ సంగతి రాజేశన్నకు తప్ప ఎవరికీ తెలియదు. "ఎవ్వరికీ చెప్పకు చెల్లె. ఆడివిల్ల పెట్టిందంటే ఊరు ఊకోదు, వదిన తట్టుకోదు" అన్నాడు. సరే అన్నాను. గదికి వచ్చి బట్టలన్నీ బయటే తీసి పడేసి నీళ్లు పోసుకున్నాను. పద్నాలుగు రోజులు ఎవరూ రాకూడదన్నారు. ఎవరూ రాలేదు. ఆ తర్వాత కూడా ఎవరూ రాలేదు. అన్నయ్య చివరి మొహం నా ఒక్కదాని దగ్గరే ఉండిపోయింది. దాన్ని పంచుకునే మనిషివి నువ్వు ఒక్కదానివే, నీ తలుపేమో మూసి ఉంది.

నీ గాజుల జోలికి నేను రాను. ఎవరైనా వస్తే నా పేరు చెప్పు, నేను వచ్చి నిలబడతాను. దేవుడికీ నీకూ మధ్య కూడా రాను. ఒక్క మాట మాత్రం చెబుతాను. నువ్వు చూడలేదు కాబట్టి ఎదురుచూస్తున్నావు. నేను చూశాను. నా కళ్లను నమ్ముతావా? అన్నయ్య ఇంటికి రాడు వదినా. మొక్కు ఇక తీరదు, దానికి గడువు లేదు. నువ్వు దాన్ని పట్టుకుని కూర్చుంటే ఆ మసక నిన్ను కూడా తీసుకుపోతుంది. అప్పుడు నీకు నిప్పు పెట్టడానికీ నేనే రావాలి. నా వల్ల కాదు. మళ్లీ నా వల్ల కాదు.

ప్రతిమ


బీదర్
12 నవంబరు

వదినా,

జవాబు లేదు. రాయకూడనిది రాశానేమోనని రోజూ అనిపిస్తోంది. జగదేవి వదినను అడిగితే, "ఉన్నది, తలుపు తీస్తలేదు" అని మాత్రం అంటోంది. పోస్ట్‌మ్యాన్ మా వీధిలోకి రావడం చూస్తే గుమ్మంలోకి పోయి నిలబడుతున్నాను, నన్ను దాటి పోతున్నాడు.

తిట్టినా సరే. ఒక ముక్క రాయి.

ప్రతిమ


ఔరాద్
21 నవంబరు

ప్రతిమా,

నిన్ను తిడుతూ మూడు ఉత్తరాలు రాసి చించేశాను. నువ్వు చూశావు, నేను చూడలేదు. పాతికేళ్లు పక్కన పడుకున్నదాన్ని నేను. చూసే హక్కు నాది. నువ్వు తీసుకున్నావు. చాలా రోజులు నాకు ఆయన పోయారన్న బాధ కంటే, నీ మీద ఈ ఈర్ష్యే ఎక్కువగా ఉండేది. ఇది చెబితే నువ్వు ఏమనుకుంటావోనని ఆగాను. ఇప్పుడు చెప్పేశాను.

తర్వాత, నువ్వు ఆ ప్లాస్టిక్ బట్టల్లో నిప్పు పట్టుకుని నిలబడి ఉంటావని తలచుకున్నాను. ఎండలో ఆ బట్టలు ఎంత ఉడికించి ఉంటాయో! నీకు చిన్నప్పటి నుంచీ అగ్గిపుల్ల గీయాలన్నా భయమే కదా. దీపావళికి మీ అన్న చేయి పట్టుకుని కాకరపువ్వొత్తి వెలిగించేదానివి. పిచ్చిదానా, నీ చేతికి వేడి తగల్లేదా? నాకు ఎందుకు చెప్పలేదు? తలుపు అవతల కూర్చుని కూడా చెప్పకుండా పోయావు కదా.

ఆ తెల్లగడ్డం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఆయనకు గడ్డం ఎలా ఉంటుందో నాకు తెలియదు. నువ్వు రాశాక చూడగలుగుతున్నాను. ఆ చెవి మాత్రం నాకు తెలుసు.

నిన్న మధ్యాహ్నం జగదేవి అన్నం పెట్టి పోతుంటే పిలిచాను. "నెయ్యి ఉన్నదా?" అని అడిగాను. నా మాట సరిగా అర్థం కాదు కదా, రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అర్థమయ్యాక అది పరుగెత్తింది. కరగబెట్టిన గిన్నె మొత్తం పట్టుకొచ్చి, నా ముందు కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా గాజులు చూసింది, ఒక్క మాట అనలేదు. "నేను పెడ్తనక్కా" అంది. వద్దన్నాను. నేనే పోసుకోవాలి.

పోసుకునే ముందు పైకే చెప్పాను. దేవుడితోనా, ఆయనతోనా, నాకే తెలియదు. ఆయన ఇక రారు, అన్నాను. ముక్కులోంచి వచ్చే ఈ గొంతుతోనే అన్నాను. మీ అన్న పోయారు ప్రతిమా. నేను ఈ మాట రాయడం ఇదే మొదలు.

గాజులు తీయను. అది మొక్కు కాదు, నా ఇష్టం. ఎవరైనా అడిగితే నిన్ను పిలుస్తాను.

సిరప్ తాగాను. రాత్రి కూడా నెయ్యితో తిని తాగాను, ఇవాళ పొద్దున కూడా. పది రోజులు ఇలా తిన్నాక రక్తం తీయించి పంపుతాను. ఆ మసక ఎంత పైకి పోయిందో నాకు తెలియదు, ఆలస్యమైందేమో కూడా తెలియదు. అయితే నువ్వు మళ్లీ నిప్పు పట్టుకోవాల్సి రాకూడదు. అందుకే తింటున్నాను.

ఇంకొకటి చెప్పాలి, నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు అది విషంలా ఉంటుందనుకున్నాను. సగం ముక్కులోకి పోయింది, పొలమారింది, కళ్లలో, కాదు, ఉన్న ఒక్క కంట్లో నీళ్లు తిరిగాయి. రెండో ముద్ద నెమ్మదిగా నమిలాను. జ్వరం తర్వాత నాకు దేని రుచీ తెలియలేదు. దీనిది తెలిసింది. కమ్మగా ఉంది ప్రతిమా. ఆయన లేకపోయినా అన్నం అంత కమ్మగా ఉంది. అప్పుడు ఏడ్చాను.

వసుమతి